ఎలుకకు బీమా వర్తించదు

మా ఆవిడ ప్రైవేటు బడిలో పంతులమ్మ కొలువు మానేసి చీరల వ్యాపారం పెట్టిన రోజున నారాయణపేటలో భూకంపం వచ్చింది. ఊళ్లో మిగతావాళ్లకు తెలియలేదు గానీ మా ఇంట్లో మాత్రం గట్టిగానే వచ్చింది. ముందు గదిలో ఉన్న నా కుర్చీ, నా బల్ల, రిటైరయ్యాక చదువుదామని ఇరవై ఏళ్లుగా పేర్చుకున్న పుస్తకాలు ఒక్క పూటలో వెనక వసారాకు వలసపోయాయి. వాటి జాగాలో చీరలు వచ్చి కూర్చున్నాయి. నేను మండలాఫీసులో గుమస్తాను. అక్కడ నా మాట వినేవాళ్లెవరూ లేరు. ఇంట్లోనూ లేరని ఆ రోజు తేలింది.

వెనక రేకుల కొట్టంలో మా అమ్మ మగ్గం ఉంది. అమ్మకు డెబ్బై దాటాయి గానీ మగ్గం మీద కూర్చుంటే ఆ చప్పుడుకు మా వీధి దోమలు పక్క వీధికి కాపురం మారుస్తాయి. నేసిన చీరలను తాతల కాలం నుంచి బజారులోని సేటు దుకాణానికే వేసేవాళ్లం. ఫోన్లో ఫోటో పెట్టి, మొహం తెలియని మనిషికి, చూడని ఊరికి చీర అమ్మడమనే విద్య మా ఇంటికి ఆవిడతోనే వచ్చింది.

మొదటి ఆరు నెలలు కొన్నవాళ్లంతా చుట్టాలే. చుట్టాలకు అమ్మితే దాన్ని వ్యాపారమనరు, పెట్టుపోతలంటారు. ఇంతలో ఎండాకాలం సెలవుల్లో పాత బడి నుంచి కబురొచ్చింది. జూన్‌లో బడి తెరుస్తారట, మళ్లీ వస్తే ఆమె తరగతి ఆమెకే ఇస్తారట, బడి తెరిచేలోగా ఏదో ఒక మాట చెప్పాలట. ఆవిడ రెండు రోజులు ఆలోచించింది. మూడో రోజున కేతేపల్లి నుంచి ఫోనొచ్చింది.

ఫోన్ చేసినామె అక్కడి సర్కారు దవాఖానలో నర్సు. కూతురి పెళ్లి. పెళ్లికూతురికి మీగడ రంగు పట్టుచీర, మెరూన్ అంచుతో; చర్చిలో పెళ్లి గనుక ఆ రంగే కావాలి. పిన్నులకు, మేనత్తలకు ఒకే రంగు గళ్ల నూలుచీరలు పది. మొత్తం పదకొండు. చుట్టరికం లేని మనిషి నుంచి వచ్చిన మొట్టమొదటి బేరం అది.

"గీ పదకొండు చీరెలు మంచిగ చేరితే బడికి పోను" అంది ఆవిడ. "చేరకపోతే చాక్‌పీస్ పట్టుకుంట. మళ్ల చీరెల మాటెత్తను."

పట్టుచీర అమ్మ నేసింది; నూలుచీరలు వీధిలో మిగతా మగ్గాల మీద నేయించాం. ఆ ఇరవై రోజులు మా ఇంట్లో ఎవరూ గట్టిగా తుమ్మలేదు.

చీరలు సిద్ధమయ్యాక ఆవిడ కొరియర్ ఆఫీసు నుంచి బీమా ఫారం తెచ్చుకుంది. అంతకుముందు ఒకసారి రెండు చీరల పార్శిలు దారిలో మాయమైతే, రసీదు వెనక చీమ కూడా కళ్లద్దాలు పెట్టుకుని చదవాల్సినంత చిన్న అక్షరాల్లో ఉన్న నిబంధనలను చూపించి, మా చేతిలో ఒక చాయ్‌కి సరిపడా పైసలు పెట్టారు. అప్పటి నుంచి ఆవిడ ఏ కాగితాన్నైనా వెనక నుంచే చదవడం మొదలుపెట్టింది. ఫారం చదివే పద్ధతి కూడా బళ్లో పాఠం చెప్పినట్టే, గట్టిగా, ప్రతి మాటా విరిచి.

"పార్శిలు పోయినచో. తడిసినచో. చినిగినచో."

మగ్గం చప్పుడు ఆగిపోయింది. అమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"ఏందే గది?"

"బీమా అత్తమ్మా. చీరెలకు."

"మనిషికి చేస్తరు బీమా. చీరెకేంది?"

"దారిల ఏమన్నయితే పైసలిస్తరు."

"ఇంక గడప దాటనే లేదు, అప్పుడే దారిల ఏమన్నయితదంటవా? పెండ్లిచీరె అది. నోట్లెకెళ్లి మంచి మాట రానియ్యి."

"నేనంటలేనత్తమ్మా, ఫారం అంటుంది."

"ఫారంకు నోరుంటదా. సదివేది నువ్వే గద."

ఇద్దరి మధ్య కూర్చుని నేను శ్రద్ధగా గోడ మీది క్యాలెండరు చూశాను. ఆ నెలలో ఎన్ని ఆదివారాలున్నాయో ఇప్పటికీ చెప్పగలను.

అమ్మకు అసలు దిగులు ఫారం గురించి కాదు. ఆడబిడ్డ పుట్టింటి గడప దాటేటప్పుడు ఆమె కొంగులో ఒడిబియ్యం పోస్తాం. పసుపు కలిపిన బియ్యం, ఐదు ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు. మా ఇంట్లో ఆ మర్యాద చీరకు కూడా ఉంది. మగ్గం దిగిన పెళ్లిచీరను ఖాళీ కొంగుతో అమ్మ ఎవరికీ ఇవ్వలేదు. సేటు దుకాణానికి వేసినా సరే, మడతలో ఇంత ఒడిబియ్యం పోసే ఇచ్చేది. సేటు కూడా ఆ బియ్యం కోసమే మా చీరలు తీసుకునేవాడని నాకో అనుమానం. ఆయన పొట్ట అందుకు సాక్ష్యం.

"ఒడిబియ్యం పెట్టినవా మరి?" అడిగింది అమ్మ.

"కొరియర్ల తినేటియి పెట్టొద్దత్తమ్మా. పెడితే బీమా రాదు. లోపల ఏమేం పెడుతున్ననో ఫోటోలు గూడ తీసి పంపిన."

అమ్మ ఏమీ మాట్లాడలేదు. మా అమ్మ మాట్లాడకపోవడం వాతావరణ శాఖవాళ్లు ప్రకటించవలసిన సంగతి. ఆ రోజు ఎవరమూ పట్టించుకోలేదు.

చీరలను అట్టపెట్టెలో పెట్టి, మీద తెల్లగుడ్డ చుట్టి, ఆవిడ చుట్టూ కుట్టింది. చిన్న కాంటా మీద తూచి కాగితం మీద ఆరు కిలోలని రాసి, బ్యాంకు పని మీద బయటికి పోయింది. ఆమె పోయాక ఇంట్లో ఏం జరిగిందో తర్వాత తెలిసింది. అమ్మ కుట్టు విప్పింది. పెళ్లిచీర కొంగు మడతలో బియ్యం పోసింది, కుడుకలు పెట్టింది, ఖర్జూరాలు వేసింది, దండం పెట్టుకుంది. మళ్లీ కుట్టింది. అరవై ఏళ్లు పోగుతో కాపురం చేసిన చెయ్యి గనుక కోడలి కుట్టును కోడలే గుర్తుపట్టలేనంత కోడలి కుట్టులాగే కుట్టింది. వంకర ఉన్నచోట వంకరగా కూడా.

సాయంత్రం నేను ఆ పార్శిలును స్కూటర్ మీద కొరియర్ ఆఫీసుకు తీసుకెళ్లాను. అక్కడి అతను కాంటా మీద పెట్టి అన్నాడు.

"అన్నా, ఎనిమిది చూపెడుతుంది."

"ఇంటికాడ ఆరున్నది గిక్కడ ఎనిమిదెట్లయితది? దారిల చీరెలు పిల్లలు పెట్టినయా?"

"కాంటా చూపెడుతుందన్నా. నేను చెప్తలేను."

అంతే, నాలో నిద్రపోతున్న పౌరుడు మేల్కొన్నాడు. తూనికలు కొలతల శాఖ గురించి, వినియోగదారుడి హక్కుల గురించి, మండలాఫీసులో నా స్థానం గురించి అరగంట మాట్లాడాను. నా వెనక వరసలో ఇరవై మంది చేరారు. నిజానికి ఇద్దరే, కానీ ఇరవై మంది విసుగు చూపించారు. చివరికి కొరియర్ అతను చేతులెత్తేశాడు.

"సరే అన్నా, ఆరే రాస్త. నన్ను ఇడిసిపెట్టు."

గెలిచిన కోడిపుంజులా ఇంటికొచ్చి, కాంటా మోసాన్ని ఎలా బట్టబయలు చేశానో ఆవిడకు వివరించాను. ఆవిడ మెచ్చుకుంది. పెళ్లయ్యాక అది రెండోసారి. మొదటిసారి ఎందుకో గుర్తులేదు.

మరునాటి నుంచి ఆవిడ ఫోన్లో పార్శిలు ఎక్కడుందో చూసుకోవడం మొదలైంది. మహబూబ్‌నగర్ దాటింది. హైదరాబాదు చేరింది. నార్కట్‌పల్లి చేరింది. ఇంకేముంది, అక్కడి నుంచి కేతేపల్లి గట్టిగా పిలిస్తే వినపడేంత దూరం అనుకున్నాం. మరునాడు చూస్తే నార్కట్‌పల్లి. ఆ మరునాడూ నార్కట్‌పల్లే. నాలుగు రోజులు ఆ పార్శిలు అక్కడి గోదాములోనే ఉంది. ఎందుకుందో ఎవరూ చెప్పరు. కొరియర్ అతన్ని అడిగితే "దార్లున్నది మేడం" అంటాడు. దారిలోనే ఉందని మాకూ తెలుసు, అది నడవాలి గదా అని మా బాధ.

ఐదో రోజు నర్సు ఫోన్ చేసింది. ఆవిడ స్పీకర్ పెట్టింది.

"చెల్లె, పార్శిలొచ్చింది. పది చీరెలు మంచిగున్నయి. పెండ్లిచీరెను ఎలుక కొట్టింది."

ఆవిడ గోడకు ఆనుకుంది.

"కొంగుల కొరికింది. గింత రంధ్రం పడ్డది. అవుగని, గీ బియ్యమేంది?"

"ఏం బియ్యం అక్కా?"

"పచ్చబియ్యం. కుడుకలు గూడ ఉన్నయి, సగం సగం కొరికి."

ఆవిడ మెల్లగా తల తిప్పి మగ్గం కొట్టం వైపు చూసింది. మగ్గం చప్పుడు అంతకుముందే ఆగిపోయింది.

ఆ ఎలుకను నేను చూడలేదు. కానీ అది చేసిన పనిని బట్టి లెక్కవేస్తే మేకపిల్ల అంత ఉండి ఉండాలి, కాస్త చదువుకున్నది కూడా. లేకపోతే పది నూలుచీరలను పక్కన పెట్టి సూటిగా పెళ్లిచీర కొంగులోకే పోతుందా? బియ్యం ఎక్కడుంటే అక్కడికి పోయిందని ఆవిడ అంది. ఆవిడకు ఊహాశక్తి తక్కువ.

పెళ్లి ఇంకా తొమ్మిది రోజులు. కొత్తది నేయాలంటే పడుగు సిద్ధం చేయడానికే ఆ రోజులు చాలవు. మిగిలింది బీమా. కనీసం చీర ఖరీదైనా వస్తే నర్సుకు ఇచ్చేసి, దండం పెట్టి, బడికి పోతానని ఆవిడ అంది.

మరునాడు హైదరాబాదు నుంచి క్లెయిం ఆఫీసరు ఫోన్ చేసే వేళకు కొరియర్ అతను మా ఇంటికే వచ్చి కూర్చున్నాడు. మంచివాడు. ముందే చెప్పాడు.

"మేడం, బియ్యం మాట ఎత్తకుండ్రి. ఆడ సాక్ష్యం ఏమన్న ఉందా?"

లేదు. నర్సు ఇంట్లో ఆమె తల్లి, ముసలామె, ఆ బియ్యం కడిగి వండుకుందామందట. ఎలుక ముట్టింది వండుతానంటే కూతురు ఊరుకుంటుందా, నర్సు కదా, కోళ్లకు చల్లేసింది. సాక్ష్యమంతా కేతేపల్లి కోళ్ల కడుపుల్లో ఉంది.

"అయితే అయిపాయె. ఎలుక దానంతటదే కొట్టిందనుండ్రి. పైసలొస్తయి."

ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టాం. ఆఫీసరు మర్యాదగానే అడిగాడు.

"మేడం, లోపల తినే వస్తువులేమన్నా పెట్టిన్రా?"

ఆవిడ నోరు తెరిచింది. పదకొండేళ్లు పిల్లలకు అబద్ధమాడొద్దని చెప్పిన నోరు.  ఇంతలో అమ్మ వచ్చి ఫోన్ అందుకుంది.

"నేనే పెట్టిన బిడ్డా. ఒడిబియ్యం."

కొరియర్ అతను కళ్లు మూసుకున్నాడు.

"మీరెవరమ్మా?"

"చీరె నేసినదాన్ని. నీకు పెండ్లయిందా?"

"అయింది పెద్దమ్మా."

"మీ ఇంటామెకు ఒడిబియ్యం పోసిన్రా?"

"పోసిన్రు."

"పోసినంక, మేము పొయ్యలేదని వాళ్ల అమ్మ యాడన్న చెప్పుకున్నదా?"

అటువైపు నుంచి ఫ్యాను చప్పుడు మాత్రం వినపడుతోంది.

"చెప్పుకోలేదు పెద్దమ్మా."

"మరి నేనెట్ల చెప్త? పెట్టింది పెట్టలేదంటే ఆ పిల్లకు పెట్టిన దీవెన నేనే గుంజుకున్నట్టు కాదా?"

ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు. "మీరు చేసింది తప్పనను పెద్దమ్మా. కాని తినే వస్తువుంటే ఎలుక కొట్టినదానికి బీమా వర్తించదు. ఇంకో సంగతి. మీరు ఆరు కిలోలని రాయించిన్రు. నార్కట్‌పల్లిల తూస్తే ఎనిమిదొచ్చింది. తేడా ఉంటే పార్శిలు పక్కకు పెడతరు. అందుకే నాలుగు రోజులు గోదాముల ఉన్నది. లేకుంటే ఎలుకకు దొరకకపోతుండె."

ఆవిడ నా వైపు చూసింది. కొరియర్ అతనూ చూశాడు. అమ్మ కూడా, ఇప్పుడు తాను ఒక్కతే కాదన్న ధైర్యంతో, నా వైపే చూసింది. నేను క్యాలెండరు వైపు తిరిగాను. అక్కడ ఆవిడ అప్పటికే బడి తెరిచే తేదీ చుట్టూ సున్నా చుట్టి ఉంచింది.

కొరియర్ అతను వెళ్లాక ఆవిడ అటక మీది నుంచి పాత పాఠాల డైరీ దించి, దుమ్ము తుడిచి, బల్ల మీద పెట్టుకుంది. పక్కన ఎర్రసిరా పెన్ను. నా జీవితంలో నవ్వించే మాట ఒక్కటీ దొరకని సాయంత్రం అదే.

అమ్మ వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

"రంధ్రం ఫోటో సూపియ్యి."

చూసింది. ఫోన్‌ను దగ్గరికి తెచ్చుకుంది, దూరం పెట్టింది. సీసా మూతంత రంధ్రం.

"దాని పడుగు పోగులు డబ్బాల మిగిలినయి. అదే రంగుల మునిగిన పోగు. రఫ్ఫు చేస్త. నన్ను ఆడికి తోలియ్యి."

ఆవిడ నర్సుకు ఫోన్ చేసింది. బీమా సంగతి, బియ్యం సంగతి, కాంటా సంగతి, ఒక్కటీ దాచకుండా చెప్పింది. కాంటా సంగతి దాచినా పోయేదేం లేదని నాకనిపించింది. నర్సు అంతా విని అంది, "రండ్రి. కాని చెల్లె, కుట్టినట్టు కనపడితే నేనొక్క చీరె గూడ ఉంచుకోను. పెండ్లిల నా బిడ్డ ఒక మాట పడొద్దు."

"కనపడితే పదకొండూ వాపస్ తెచ్చుకుంటం అక్కా" అంది ఆవిడ. ఫోన్ పెట్టేసి, డైరీ మీద చెయ్యి ఆనించి కూర్చుంది.

తెల్లవారగానే నేనూ అమ్మా బయల్దేరాం. మహబూబ్‌నగర్‌లో ఒక బస్సు, నల్లగొండలో ఒక బస్సు, నార్కట్‌పల్లిలో ఇంకో బస్సు మారాం. ఆడవాళ్లకు బస్సు ఉచితం గనుక అమ్మకు జీరో టికెట్టు. తప్పు ఇద్దరం చేసినా జరిమానా నాకొక్కడికే పడింది. దేవరకొండ దాకా అమ్మ కిటికీలోంచి చూస్తూ కూర్చుని, అప్పుడు అడిగింది.

"ఎనిమిది సూపెట్టినప్పుడన్న నీకు అనుమానం రాలేదార?"

"కాంటా దొంగదనుకున్ననే."

"కాంటా కంటే నీ నోరు బరువైంది."

కేతేపల్లిలో నర్సు ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. నర్సు ముఖం సూది మందు వేసే ముందు ఉండే ముఖంలా ఉంది. ఆమె తల్లి మాత్రం అరుగు మీది నుంచి లేచి వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుంది.

"రా వదినా. నీ కుడుకలు మంచిగుండె. ఎలుక మెచ్చుకున్నది."

"ఐదు పెట్టిన వదినా."

"మూడున్నరే చేరినయి."

అమ్మ అరుగు మీద వెలుతురుకు ఎదురుగా కూర్చుని చీరను మోకాలి మీద పరుచుకుంది. డబ్బాలోంచి పోగు తీసి, వేళ్ల మధ్య నలిపి, సూదిలోకి ఎక్కించింది. ఒక పోగు పైనుంచి, ఒక పోగు కింద నుంచి. వెంట్రుక కంటే సన్నని పోగు. నా ఊపిరికి అది ఎగిరిపోతుందేమోనని నేను ఊపిరి బిగబట్టాను. మూడు గంటల పాటు ఊపిరి తీయని మనిషి ఉమ్మడి నల్లగొండ జిల్లాలో నేనొక్కడినే. నర్సు రెండుసార్లు వచ్చి చూసి లోపలికి పోయింది. ముసలామె నీళ్లు తెచ్చింది, చాయ్ తెచ్చింది, ఎవరెవరు పెళ్లికి వస్తున్నారో అందరి గుణగణాలూ చెప్పింది. వాళ్లలో మంచివాళ్లు చాలా తక్కువ.

ఎండ పసుపెక్కే వేళకు అమ్మ దారం కొరికింది. నర్సు చీరను వాకిట్లోకి తీసుకెళ్లి అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది. కళ్లద్దాలు పెట్టుకుని ఒకసారి, తీసి ఒకసారి. కొంగును వెలుగుకు అడ్డంగా పట్టుకుంది. అప్పుడే పెళ్లికూతురు డ్యూటీ నుంచి వచ్చింది; నల్లగొండలో బ్యాంకులో పనిచేస్తుందట. తల్లి చేతిలోంచి కొంగు తీసుకుని, కళ్లు మూసుకుని, వేలితో మెల్లగా తడుముకుంటూ పోయింది. ఒకచోట వేలు ఆగింది.

"గిదే గదా అవ్వా?"

నా గుండె కేతేపల్లి చెరువులో పడ్డంత చప్పుడు చేసింది. అమ్మ కాదనొచ్చు. అనలేదు.

"ఔ బిడ్డా. గదే."

నర్సు ముఖం మారింది. పిల్ల కళ్లు తెరిచి వేలి కింద చూసుకుంది, మళ్లీ తడిమింది.

"కంటికి కనపడతలేదమ్మా. వేలికే తెలుస్తుంది."

"మీ అత్తలు పట్టి సూస్తే?"

"నా కొంగు మీద వేలు పెట్టి సూసేదెవరు? ఇదే కట్టుకుంట."

"ఇంకోసారి ఆలోచించు."

"ఆలోచించిన."

నర్సు చాలాసేపు కూతుర్ని చూసింది. తర్వాత చీరను మడతపెట్టి మిగతా పది మీద పెట్టింది. "సరే. పదకొండూ ఉండనియ్యి" అంది.

నేను వాకిలి దాటి, రోడ్డు పక్కకు వచ్చి ఆవిడకు ఫోన్ చేశాను. మొదటి రింగు పూర్తికాక ముందే ఎత్తింది.

"ఏమాయె?"

"ఉంచుకున్నరు."

"ఎన్ని?"

"పదకొండూ."

 ఫోన్ కట్టయిందేమోనని చూసుకున్నాను. కాలేదు. ముక్కు తుడుచుకున్న చప్పుడు వచ్చింది, తర్వాత మామూలు గొంతు.

"సరే. బడికి ఇప్పుడే ఫోన్ చేసి రానని చెప్త. ఇంకో మాట. రేపటి సంది కొరియర్ కాడికి నేనే పోత. మీరు కాంటా దగ్గరికి రావద్దు."

"మరి నేనేం చెయ్యాలె?"

"అత్తమ్మను కనిపెట్టుకొని ఉండుండ్రి. గంతే."

నేను వెనక్కి తిరిగి చూశాను. అరుగు మీద అమ్మ లేదు. లోపలి నుంచి "వదినా, ఇంత పసుపుంటదా?" అన్న గొంతు వినపడింది.